పేరు మారని కారు

గుడియాత్తంలో మా పెద్దమ్మ పోయిన వారం కన్నుమూసింది. ఫోన్ చేసిన బంధువు ఏడుస్తూనే, "వేలూరులో ఆ బ్రోకరుకు గూడా చెప్పి పంపినామప్పా" అన్నాడు. నాకు కన్నీళ్ల కంటే ముందు ఒళ్లు మండింది.

పెద్దమ్మది బజారు వీధిలో పాత్రల అంగడి. పెదనాన్న పోయాక ఒంటిచేత్తో నడిపింది. ఏ బిందె అమ్మినా ముందు వేలితో తట్టి, చెవి ఒగ్గి వినేది. పగులుంటే మోతలోనే తెలిసిపోయేదట. "మనుషులనే తట్టి చూసేదానికి లేదు నాయనా" అనేది తర్వాత్తర్వాత.

ఆ మాట అనిపించినవాడే ఈ ఇళ్ల స్థలాల బ్రోకరు. ఆమెకు తమ్ముడి వరస. పెదనాన్న వాడిన, ఆయన పోయాక ఆమె పేరుకు మారిన పాత కారు కొన్నాడు. మాలో ఒక పద్ధతి ఉంది. అయినవాళ్లకు ఏదైనా అమ్మితే తమలపాకుల్లో పెట్టి చేతికిస్తాం. ఆపైన కాగితం అడిగితే అవమానించినట్టే. "మన లోపల కాగితాలు ఎందుకక్కా? పేరు, ఇన్సూరెన్సు అంతా నేనే మార్చుకుంటా" అన్నాడు వాడు. వాడు అడిగిన చోటల్లా పెద్దమ్మ సంతకం చేసి, ఆకుల్లో తాళం చెవి పెట్టి ఇచ్చేసింది.

వాడు ఏదీ మార్చలేదు. పాత బండికి కట్టాల్సిన గ్రీన్ ట్యాక్స్ నోటీసు ఆమెకే వచ్చింది. ఇన్సూరెన్సు గడువు తీరినా వాడు బండి తిప్పుతూనే ఉన్నాడు. కె.వి.కుప్పం దగ్గర సైకిల్ మీద పోతున్న పాలాయన్ను గుద్ది కాలు విరగ్గొట్టాడు. కోర్టులో, "బండి అక్కదే. ఆమె పని మీదనే పోతా ఉంటి" అన్నాడు. అమ్మేశానని పెద్దమ్మ ఎంత మొత్తుకున్నా చూపించడానికి కాగితం లేదు. పరిహారం ఆమె నెత్తిన పడింది. సగం అంగడి పోయింది. "అంగడి పోతే పోనీ. అంతమంది ముందర అబద్ధాలకోరునైపోయినానే" అని కుమిలిపోయింది.

ఆ తర్వాత వాణ్ని వదల్లేదు. ఏ పెళ్లిలో కనబడినా పంక్తిలో ఎదురుగా కూర్చుని, అందరూ వినేట్టు, "ఏమప్పా, ఆ బండి ఎవురిది?" అని అడిగేది. వాడు సగం విస్తరిలో లేచిపోయేవాడు. ఆమె తీరిగ్గా ఇంకో గరిటె పాయసం వేయించుకునేది. చూడటానికి నాకెంత హాయిగా ఉండేదో!

మాలో ఎవరు బండి అమ్మినా తానే వెంట వచ్చేది. ఆర్టీఓ ఆఫీసులో పేరు మారి, ఇన్సూరెన్సు కూడా బండి కొన్నవాళ్ల పేరుకెక్కి, పన్ను రసీదు కంటబడ్డాకే సంచిలోంచి తమలపాకులు తీసేది. "ఆకు వాడిపోతే ఇంకోటి కొనుక్కోవచ్చునప్పా" అనేది. నా కారు అమ్మినప్పుడూ ఎండలో నా పక్కనే కూర్చుంది. ఆ మేలు మరిచిపోలేను.

మంచం పట్టాక నా చేయి పట్టుకుని ఒక్కటే అడిగింది. "కారు కొనింది నేనేనని వాడు నలుగురిలో ఒక్కతూరి చెప్తే రానీ. లేకుంటే వాడి పూలు నా మీద పడకూడదు."

చివరి చూపుకని వాడు వచ్చాడు, కొత్త కారులో, నిలువెత్తు గులాబీ దండతో. నేను వాకిట్లో అడ్డం నిలబడ్డాను.

"ఆ బండి ఎవురిది మామా?"

"ఇప్పుడెందుకప్పా అదంతా?"

దండ వాడి చేతుల్లోంచి తీసుకున్నాను. నేరుగా వీధిలోకి వెళ్లి, వాడి కొత్త కారు బానెట్ మీద నిండుగా పరిచాను. శవానికని తెచ్చిన పూలు ఎవరు ముట్టుకుంటారు? డ్రైవరు కూడా దూరం జరిగాడు.

పాడె లేచింది. జనమంతా పెద్దమ్మ వెంట నడిచారు. వీధిలో ఎండ, దండ వేసుకున్న కారు మిగిలాయి. దాని ముందు వాడు నిలబడి ఉన్నాడు.