శాలువా కప్పి పోగొట్టుకున్న గోడ

గెలవాల్సిన కేసును, ఎవరి సాయమూ లేకుండా, మైకు పట్టుకుని నేనే ఎలా ముంచానో చెబుతాను. మీరు ధైర్యంగా నవ్వండి. అప్పుడు నవ్వనివాణ్ని నేనొక్కణ్నే.

మాది సిరిసిల్ల. మేడిపల్లి దగ్గర సర్కారు బడికి ప్రహరీ గోడ, రెండు గదులు కట్టే పని కోరుట్ల కాంట్రాక్టరు గంగన్నకు దక్కింది. ఆయన దాన్ని నోటిమాటతో నాకు అప్పగించాడు.

"మన నడుమ కాయితాలెందుకు తమ్మీ?" అన్నాడు.

నాకది ప్రేమలా వినిపించింది. యూసుఫ్ భాయ్ అనే మేస్త్రీ, నేనూ కలిసి పని మొదలుపెట్టాం. సిమెంటుకూ కూలీలకూ పోసిన సొమ్ము యూసుఫ్ భాయ్‌దే, సొంతింటి స్లాబుకని దాచుకున్నది. గోడ లేచింది. ఆయన ఇంటి మీద మాత్రం టార్పాలిన్ కవరే ఉంది.

ప్రారంభోత్సవం రోజు గంగన్నకు శాలువా కప్పే భాగ్యం నాకిచ్చారు. కప్పి దిగిపోవచ్చు కదా? మైకు కూడా ఇచ్చారు! మా వైపు మైకులో సొంత గొప్ప చెప్పుకుంటే పొగరంటారు. అందుకని నడుం విరిగినవాడిలా వంగి మొదలుపెట్టాను.

"నాదేం లేదు. నేను పేరుకే ఉన్న. ప్రతి ఇటుక గంగన్నదే, ప్రతి పైసా గంగన్నదే!"

చప్పట్లు మోగాయి. నాకు ఊపొచ్చింది.

"నేనైతే ఉత్తగ చూసుకుంట నిలవడ్డ!"

కింద యూసుఫ్ భాయ్ రెండు చేతులూ ఊపుతున్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. ఆపమంటున్నాడట.

ఆరు నెలలు గడిచాయి. ఎప్పుడు ఫోన్ చేసినా "బిల్లు కాలే తమ్మీ" అనేవాడు గంగన్న. సర్కారు ఆఫీసులో అడిగితే బిల్లు ఎప్పుడో పాసయిందన్నారు. నేరుగా కోరుట్ల వెళ్లి నిలదీశాను.

"ఏం పైసలు? నువ్వేం కట్టినవ్ రా?" అన్నాడు.

జగిత్యాల కోర్టులో దావా వేశాం. నేను బోనెక్కిన రోజు గంగన్న వకీలు చిరునవ్వుతో ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద నేను, మైకుతో, వంగి ఉన్నాను. "ఉత్తగ చూసుకుంట నిలవడ్డ!" అన్న కేక కోర్టు హాలంతా మోగింది. చప్పట్లతో సహా. వకీలు అక్కడ ఆపేశాడు.

"ఇది మీ గొంతేనా?" అన్నారు జడ్జి మేడం.

"నాదే మేడం."

"గోడ ఎవరు కట్టారు?"

"నేనే మేడం."

"మరి ఈ మాటలు?"

"శాలువ కప్పినప్పుడు గట్లనే అంటరు మేడం."

మా వకీలు తల పట్టుకున్నాడు. యూసుఫ్ భాయ్ స్లాబు నా కళ్లముందే కూలిపోయింది, ఇంకా వేయకముందే!

అప్పుడు వెనక బెంచీ నుంచి యూసుఫ్ భాయ్ లేచాడు.

"మేడం, ఆపకుండ్రి! మొత్తం చూడుండ్రి!"

బంట్రోతు ఆయన్ను కూర్చోబెట్టాడు. మా వకీలు మాత్రం తేరుకుని అదే కోరాడు. అవతలి వకీలు అక్కర్లేదన్నాడు.

"తెచ్చింది మీరే కదా. పూర్తిగా చూద్దాం," అన్నారు మేడం.

వీడియో కదిలింది. గంగన్న మైకు అందుకున్నాడు. మర్యాద ఆయనకు మాత్రం తెలియదా!

"తమ్ముడు పెద్ద మనసుతోని అన్నడు గని, నాదేం లేదు! నేను ఒక్క ఇటుక పెట్టలే, ఒక్క పైసా పెట్టలే. గీ గోడ నేను చూసుడే ఇయ్యాల! అంతా గీ తమ్మునిది, యూసుఫ్ మేస్త్రీది!"

ఆ రోజు ఈ మాటలు నేను వినలేదు. నా ప్రసంగం ఎలా ఉందని పక్కవాణ్ని అడుగుతున్నాను.

మేడం కళ్లజోడు తీశారు. "మీ ఇద్దరి మాటా నమ్మితే, ఈ గోడ తనంతట తానే లేచింది."

తీర్పు దాకా పోలేదు. ఆ మధ్యాహ్నమే గంగన్న రాజీకొచ్చాడు. యూసుఫ్ భాయ్ స్లాబు వేసుకున్నాడు. దాని కింద రెండు వానాకాలాలు తడవకుండా నిద్రపోయాడు. ఇప్పుడు లేడు. ఉంటే ఈ కథ నాకన్నా బాగా చెప్పేవాడు, నా వంగుడు కూడా చేసి చూపించేవాడు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు మైకు ఇచ్చినా, ముందు నేను కట్టిన గోడ పొడవు, ఎత్తు, మందం చెబుతాను. వినయం చెక్కు పాసయ్యాకే.