సున్నం గుండ్రంలో తీతువు గుడ్లు

అప్పట్లో నాకు కెమెరా పిచ్చి. అద్దంకిలో పెళ్లి ఫోటోలు తీసుకుని బతికేవాణ్ణి. రీలు చివర రెండు మూడు ఫోటోలు మిగిలితే చాలు, ఆదివారం బస్సెక్కి మా మేనమామ మిరప చేనుకి వెళ్లిపోయేవాణ్ణి. చేను పైన మెట్టంతా గులకరాళ్లు. అక్కడ ఒక తీతువు జంట ఉండేది. కళ్ల ముందు పసుపుపచ్చ తోలు, పుల్లల్లాంటి కాళ్లు, నోరు మాత్రం ఉత్త గయ్యాళిది. నేను కెమెరా ఎత్తేలోపే అరిచి ఊరంతా ఏకం చేసేవి.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. పాత బోరు ఎండిపోయింది. రెండో కోత కాయ చెట్టు మీదే ముడుచుకుపోతోంది. నీళ్లు పడకపోతే మామయ్య కష్టమంతా మట్టిపాలే. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసే ఆయనొచ్చి, చేను కింది వైపు వేపచెట్టు దగ్గర బోరుకి గుర్తుగా రాయి పాతించి వెళ్లాడు. బోరు లారీ మాత్రం రేపు మాపంటూ తిప్పిస్తోంది.

ఈలోపు తీతువు మెట్ట మీద, ఉత్త రాళ్లలోనే గుడ్లు పెట్టింది. పక్కనే నిలబడినా కనపడవు. ఎర్రటి ఎండలో అది గుడ్ల మీద నిలబడి, రెక్కలు విప్పి నీడ పడుతుంటే తీసిందే నాకు దొరికిన ఒక్క మంచి ఫోటో. కూలీలు తొక్కుతారేమోనని మామయ్య వాటి చుట్టూ సున్నంతో గుండ్రం గీశాడు.

"తీతువు అరిస్తేనే కీడంటారు, నువ్వేంటి మామయ్యా ముగ్గేస్తున్నావ్?" అన్నాను.

"ఒరేయ్, దాని తిప్పలు అది పడుతోంది, నా తిప్పలు నేను పడుతున్నా. నోర్మూసుకుని ఫోటో తీసుకో."

మొదటి కోత కాయతో ఆయన గుంటూరు యార్డుకి వెళ్లిన రోజే లారీ వచ్చింది. పొలంలో సున్నం గుండ్రం ఉందంటే అది బోరు పాయింటే. మా వైపు ఎవరినడిగినా అదే చెబుతారు. లారీ వాళ్లు ఎవరినీ అడగలేదు. మెట్టెక్కి, గుండ్రం మధ్యలో బోరు దించేశారు.

కబురు తెలిసి నేనూ, యార్డు నుంచి ఆయనా ఒకేసారి చేరాం. బురద నీళ్లు చెట్టంత ఎత్తున చిమ్ముతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. లారీ వాళ్లని కడిగేద్దామనుకున్నాను. కానీ ఆ నీళ్లు చూస్తుంటే నాకూ సంతోషంగానే ఉంది. అలా సంతోషపడ్డానన్నది ఇప్పటికీ మింగుడుపడదు.

తీతువులు రెండూ పైన తిరుగుతూ ఒకటే అరుపు. మామయ్య బురదలో కూలబడి, వాటిని చూస్తూ "తిట్టండమ్మా, తిట్టండి" అని ఏడ్చాడు. లారీ మోతలో ఆ మాట నాకొక్కడికే వినపడింది. నీళ్లు పడ్డ సంతోషంలో ఏడుస్తున్నాడనుకుని, అత్తయ్య ఆయన నోట్లో బెల్లం ముక్క పెట్టింది.