సుజాత గాబులో నా చేప

మా చిన్నప్పుడు... ఎండాకాలం కాలువకు నీళ్ళు కట్టేస్తే కొలకలూరు పిల్లలం అందరం కాలువలోనే ఉండేవాళ్ళం. మిగిలిన మడుగుల్లో చేపలు పట్టి, మా నాన్న ఒక బొచ్చె పిల్లను నాకు, ఇంకొకటి మా పెదనాన్న కూతురు సుజాతకు ఇచ్చాడు. రెండూ చిటికెన వేలంతే...

నాది మా వాకిట్లో పాత సత్తు గంగాళంలో, ఎండలో. సుజాతది పక్కనే వాళ్ళ పెరట్లో, జామచెట్టు నీడన సిమెంటు నీళ్ళగాబులో. బోరింగు కొట్టినప్పుడల్లా చల్లటి నీళ్ళు అందులో పడేవి.

రోహిణి ఎండల నాటికి దాని చేప అరచెయ్యంత అయింది. నాది ఎదగలేదు. మా నాన్న గోడ మీంచి తొంగిచూసి, "ఏం పెడుతున్నావే సుజాతా, భలే ఎదిగిందే" అన్నాడు. నా సొంత నాన్న... ఒళ్ళు మండిపోయింది. దాని జడ పట్టుకుని లాగాలనిపించింది.

కసికొద్దీ పిడికెళ్ళతో తవుడు వేశాను. నీళ్ళు వేడెక్కి వాసన పట్టాయి. చేప పైకొచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ... ఇంకా అడుగుతోందని మురిసిపోయి ఇంకో పిడికెడు వేశాను.

కాసేపటికి పక్కకి ఒరిగిపోయింది. నా ఏడుపు విని నాన్న వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టాడు.

"అది ఆకలి కాదమ్మా, ఊపిరాడట్లేదు. నీళ్ళు వేడెక్కితే అందులో గాలి తగ్గిపోద్ది. దానికేమో అప్పుడే ఎక్కువ కావాలి. సత్తువంతా ఊపిరికే పోతుంటే తిన్నది ఒంటికేం పడుద్ది?"

"మరేం చెయ్యను నాన్నా?"

"సుజాత గాబులో వెయ్యి."

ఊరంతా వదిలేసి అక్కడే వెయ్యాలా... అయినా చెంబులో పట్టుకుని పరిగెత్తాను. సుజాత పక్కకి జరిగి చోటిచ్చింది. ఒక్క మాట దెప్పినా నాకు బాగుండేది.

వానలు వెళ్ళేసరికి నాదీ పెరిగింది, ఏది ఎవరిదో పోల్చలేనంతగా. సుజాత చెయ్యి పెడితే రెండూ పైకొచ్చేవి. నేను పెడితే రెండూ అడుక్కి పోయేవి...

ఇప్పుడు ఆ కాలువలోకి పిల్లలెవరూ దిగడం లేదు. గాబులు పోయి మేడల మీద ట్యాంకులొచ్చాయి. సుజాత మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "మన చేపలు గుర్తున్నాయా" అంటుంది. మనవట... నాకిప్పటికీ మండుతుంది.

మీ చేతి తిండి తిని పక్కింటివాళ్ళకి మాలిమైనవి మీకూ ఉంటే చెప్పండి... కుళ్ళుకోవడానికి నాకు కాస్త తోడుంటారు.