మాలువై ఎక్కని విమానం

మా బాబాయిని ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. రెండేళ్ళ క్రితం వంశంలో పెద్దాయన పోతే, అందరూ కూర్చుని మాలువై అనే పెద్దరికాన్ని తెచ్చి ఈయన నెత్తిన పెట్టారు. అప్పటిదాకా పెనియామినా. ఆ రోజు నుంచి మాలువై. పెద్దరికం వచ్చిన మనిషిని ఉత్త పేరుతో పిలిస్తే మొహాన ఉమ్మినట్టే లెక్క. పిన్ని కూడా మాలువై అనే పిలుస్తుంది, కోపం వచ్చినప్పుడు తప్ప.

పెద్దరికం అంటే ఏదో వైభోగం అనుకోకండి. బాబాయి బస్సు తోలుతాడు. చెక్క బెంచీల బస్సు, మా ఊరి నుంచి మా దీవి పట్నం ఆపియా బజారుకి. తెల్లవారకముందే చేమదుంపల గంపలు ఎక్కిస్తాడు. చీకటి పడ్డాక ఇల్లు చేరేసరికి గడపలో ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. ఎవరు పోయినా, ఎవరికి పెళ్ళయినా, చర్చి కప్పు కారినా ముందు ఆయన్నే అడుగుతారు. లేదనడం ఆయనకి రాదు. రాదని అందరికీ తెలుసు.

ఈసారి పోయింది ఆయన సొంత అక్క. ఆక్లండ్‌లో ఉండే మా మలియా అత్త. తల్లి చనిపోయాక బాబాయిని చంకనేసుకుని పెంచింది ఆమే. సమాధి దగ్గర వంశం తరఫున నిలబడి వీడ్కోలు మాట చెప్పాల్సింది, మా వాళ్ళలో అన్నిటికన్నా గౌరవమైన కానుక నేతచాప పరిచి ఇవ్వాల్సింది మాలువై. ఇంకెవరూ ఇవ్వకూడదు. ఇంట్లో ఉన్నవాటిలో అతి సన్నని చాప, మా నానమ్మ కళ్ళు పోగొట్టుకుని నేసింది, బాబాయి బయటకి తీశాడు.

టికెట్టు అత్త కూతురు ఎలీసపెతా అక్కడి నుంచే కొని పంపింది. విమానం కంపెనీ దగ్గర కాదు. అందరి టికెట్లూ ఒకచోట పోగేసి చవగ్గా అమ్మే సైట్లు ఉంటాయి కదా, అలాంటిదొకటి. ఏడుస్తూ, ఆస్పత్రి వరండాలో కూర్చుని, ఫోనులో నొక్కేసింది.

ఫాలెయొలో విమానాశ్రయానికి బాబాయి బస్సులోనే వెళ్ళాం. ఊళ్ళో సగం మంది ఎక్కారు. కౌంటరులో ఉన్న పిల్ల ఫెతూ, పక్క ఊరిదే. పాస్‌పోర్టు తిప్పింది, తెర వైపు చూసింది, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది.

"మాలువైగారూ, పాస్‌పోర్టులో పెనియామినా ఇయోసెఫో అని ఉంది. టికెట్టు మాలువై పెనియామినా పేరున ఉంది."

"రెండూ నేనేనమ్మా."

"నాకు తెలీదా! మీ బస్సులోనే బడికెళ్ళాను. ఒకసారి నేను చెప్పులు మర్చిపోతే బస్సు వెనక్కి తిప్పారు. కానీ అక్కడ దిగాక అడిగేవాళ్ళు మీ బస్సెక్కలేదుగా."

"అయితే నువ్వే దిద్దు."

"మా దగ్గర కొనుంటే ఇప్పుడే దిద్దేదాన్ని. సైటు అమ్మింది కదా, వాళ్ళే దిద్దాలి. నేను ముట్టుకోకుండా తాళం పడి ఉంది."

"కొత్తది ఇవ్వు," అన్నాను నేను.

"విమానం నిండిపోయిందన్నా, ఈ సీటు వదిలినా ముందు ఎదురుచూసేవాళ్ళకే పోతుంది. సెలవులు కదా. సోమవారం ఉంది."

అత్తని సమాధి చేసేది రేపు ఉదయం.

వెనక వరసలో మా పాదిరిగారి భార్య ఉంది, కూతురి కాన్పుకి ఆక్లండే వెళ్తోంది. ఆవిడ నోరు ఊరుకోదు. "నేను ఆపియాలో విమానం కంపెనీ ఆఫీసులో పొద్దుట్నుంచీ నిలబడి కొనుక్కున్నాను, మాలువై. అక్కడి పిల్ల నా పాస్‌పోర్టు చూస్తే గానీ ఒక్క అక్షరం రాయలేదు. మీ వాళ్ళకి ఫోనుంటే చాలు, అన్నీ అయిపోతాయి!"

నేను ఎలీసపెతాకి ఫోను చేసి అరిచాను. "పాస్‌పోర్టు బొమ్మ పంపానుగా, చూసుకోలేదా?"

"చూశాను బావా. మావయ్యని ఉత్త పేరుతో ఎలా రాయను? అమ్మ ఉంటే చెంప పగలగొట్టేది."

మర్యాదే కొంప ముంచింది.

సైటు వాళ్ళకి చేశాను. చాలాసేపు పాట వినిపించింది. ఆ తర్వాత ఎవరో మగమనిషి, ఎక్కడివాడో ఏమో, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఫోను బాబాయికి ఇవ్వమన్నాడు.

"సార్, మాలువై అనేది మీ సొంత పేరా, ఇంటిపేరా?"

"రెండూ కాదు బాబూ. అది మా వంశానిది. ప్రస్తుతం నా దగ్గర ఉంది."

"వంశానికి ఇక్కడ గడి లేదు సార్."

"ఉండదులే."

"పేరు మారిస్తే వేరే మనిషికి ఇచ్చినట్టవుతుంది సార్. రద్దు చేసుకుని కొత్తది కొనండి. సీటు సంగతి విమానం వాళ్ళనే అడగండి."

బాబాయి అతనికి కృతజ్ఞతలు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. "థాంక్సెందుకు బాబాయ్ వాడికి?"

"వాడూ ఎవరి బస్సో తోలుతున్నాడురా. దారి వాడిది కాదు."

పోరాడతాడని చూశాను. ఊరి మనుషులూ అందుకే చూస్తున్నారు. ఆయన మాత్రం బెంచీ మీద కూర్చున్నాడు, కొత్త లుంగీ మడతలు మోకాళ్ళ కింద సర్దుకుని. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆయన ఖాళీగా కూర్చోవడం అదే మొదటిసారి.

చివరి పిలుపు వినిపించింది. బాబాయి లేచి చాపని పాదిరిగారి భార్య చేతుల్లో పెట్టాడు. "నేనా? నేనెలా ఇస్తాను మాలువై? ఇది మీ చేతుల మీదుగా..."

"ఎలీసపెతాకి ఇవ్వండి. శవపేటిక మీద పరచమనండి."

"వంశం మాటో? అందరి ముందూ ఎవరు పంపారని చెప్పను?"

మాలువై పేరెత్తితే అందరూ ఒకటే అడుగుతారు, మాలువై ఏడీ అని. రాని పెద్ద ఒక అవమానం. చాన్నాళ్ళు చెప్పుకుంటారు.

"పెనియామినా పంపాడని చెప్పండి. అక్క నన్ను చివరిదాకా ఆ పేరుతోనే పిలిచింది. ఒక్కసారి కూడా మాలువై అనలేదు."

ఆవిడ చాపని గుండెలకి హత్తుకుని లోపలికి వెళ్ళింది.

బయట అందరూ మళ్ళీ బస్సెక్కారు. బాబాయి డ్రైవరు సీటులో కూర్చుని, మంచి చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టుకుని, ఇంజను ఆన్ చేశాడు. దారిలో చేమదుంపల గంపతో ఒక ముసలామె చెయ్యెత్తితే ఆపాడు.

"ఏం మాలువై, ఆక్లండ్ వెళ్ళావన్నారే?" అందామె ఎక్కుతూ.

"ఎక్కమ్మా, పడిపోతావు," అన్నాడు బాబాయి.