పాత బావిలో పడేసిన సీసాలు

మొన్న సెలవులకు నందిగామ వచ్చిన మా మనవరాలు తన ఫోనులో వాళ్ళ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ ఫోటోలు చూపించింది. కళ్ళకు పెద్ద పెద్ద అద్దాలు, చేతులకు తొడుగులు, వెనకాల మూతలు బిగించిన రంగురంగుల డబ్బాలు. వాడేసిన యాసిడ్ ఒకదాంట్లో పోయాలట, సీసం, పాదరసం కలిసిన నీళ్ళు ఇంకోదాంట్లో పోయాలట, సింకులో చుక్క పడినా మేడమ్ ఊరుకోదట, డబ్బాలు నిండాక బండి వచ్చి పట్టుకుపోతుందట. "ప్రతిదానికీ రూల్సే అమ్మమ్మా, ప్రాణం తీస్తున్నారు" అని విసుక్కుంటూ నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. జీవితమంతా కెమిస్ట్రీ చెప్పుకుని బతికినదాన్ని, ఆ డబ్బాలు చూసి సంతోషించాలి నిజానికి. కానీ నాకు మా బావగారు గుర్తొచ్చారు, ఆయన గుర్తొస్తే నాకెప్పుడూ తల ఎత్తబుద్ధి కాదు.

అరవైల చివర్లో జగ్గయ్యపేటలో కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో మా అక్క భర్త కెమిస్ట్రీ లెక్చరర్. నేను ఎమ్మెస్సీ చేసి వచ్చేసరికి ఇంకో లెక్చరర్ పోస్టు లేక, ఆయన కిందే డిమాన్‌స్ట్రేటరుగా చేరి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. కాలేజీ కమిటీకి పెద్ద మాకు వరసకు పెదనాన్న, పొలమూ పలుకుబడీ ఉన్న మనిషి, ఊరికి కాలేజీ తెచ్చింది తానేనని ఆయనకు ఎంత గర్వమో అంత ప్రేమ కూడా. ఆ రోజుల్లో సైన్సు చదివినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, సాల్ట్ ఎనాలిసిస్ ఉన్న రోజు కుళ్ళిన కోడిగుడ్ల కంపు చీరలకు పట్టి ఇంటిదాకా వచ్చేది, మిగిలిన నీళ్ళన్నీ సింకులో పోస్తే అవి వెనక మురుక్కాలవలోకి, అక్కణ్ణుంచి గేదెలు దిగే కుంటలోకి పోయేవి, అందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు. తోచింది మా బావగారొక్కరికే. ఊరి చుట్టూ సున్నపు బట్టీలు కదా, బండెడు సున్నం తోలించి ల్యాబ్ వెనక గుంట తవ్వించి, యాసిడ్ నీళ్ళన్నీ అందులో కొంచెం కొంచెంగా పోయించి, పొంగు చల్లారాక గానీ వదిలేవారు కాదు. ఆ పొంగు చూసి పిల్లలు దీపావళి బాణసంచా అని నవ్వుకునేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవారు.

ఆయనను బెంగపెట్టినది సింకు కాదు, మూలగదిలోని సీసాలు. కాలేజీ పెట్టినప్పుడు పట్నంలో ఒక పెద్ద కాలేజీవాళ్ళు తమకక్కరలేని పాత కెమికల్సు ఊరికే ఇస్తే, మావాళ్ళు మహాప్రసాదంలా బండి కట్టి తెచ్చుకున్నారు. చీటీలు ఊడిపోయినవీ, బిరడాలు కరుచుకుపోయినవీ, సోడియం మునిగి ఉండాల్సిన కిరసనాయిలు అడుగంటిన డబ్బాలూ, ఏది దేంట్లో ఉందో తెలియని గది అది. వాటిని ఒక్కొక్కటిగా చూసి వదిలించుకోవడానికి టైము కావాలి, ఇసక కావాలి, కాస్త స్థలం కావాలి అని ఆయన అడిగితే, వేసవి తర్వాత చూద్దామన్నారు కమిటీవాళ్ళు.

ఆ వేసవిలో ఆయన పేపర్లు దిద్దడానికి వాల్తేరు వెళ్ళారు, నేను నందిగామలో అమ్మ దగ్గరికి వచ్చాను. అదే సమయంలో యూనివర్సిటీవాళ్ళు కాలేజీ చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. మూలగది చూస్తే అనుమతి పోతుందని భయపడి, పెదనాన్న కూలీలను పిలిపించి ఆ సీసాలన్నీ కాంపౌండు వెనక పాడుబడిన బావిలో పారేయమన్నారు. బావిలో అడుగున కాసిని నీళ్ళున్నాయి. సోడియానికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో పాపం ఆ కూలీలకు ఎవరు చెప్పారు? గంపలతో మోసుకొచ్చి కుమ్మరిస్తుంటే ఒక డబ్బా మూత ఊడి ఢామ్మని పేలింది, పగిలిన యాసిడ్ సీసాలు ఎగజిమ్మాయి. అంచున వంగి ఉన్న ఒక ఆడమనిషికి, ఇద్దరు పిల్లల తల్లికి, ఎడమకన్ను పోయింది.

బావగారూ నేనూ జగ్గయ్యపేట చేరేసరికి అంతా సర్దుబాటు చేసే పనిలో ఉన్నారు. పెదనాన్న స్వయంగా మా అక్కావాళ్ళింటికి వచ్చారు. నేను కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

"అల్లుడుగారూ, దాని చెయ్యిజారి సీసా పగిలిందంటే సరిపోద్ది. కూలిపనుల్లో దెబ్బలు తగలవా ఏంటి? మీరు లెక్చరరు కదా, మీరు అదే మాటంటే ఎవరూ కాదనరు. ఊళ్ళో కాలేజీ నిలబడాలా వద్దా?"

బావగారు చాలా మెల్లగా అన్నారు. "నీళ్ళు తగిలితే మండుద్దని ఆమెకెట్టా తెలుస్తుందండీ? తెలిసిన నేను తాళం వేసి పోయా గానీ చెప్పి పోలా. తప్పు మనదేనండీ. ఎవరడిగినా అదే చెప్తా."

"అయితే మీరు ఇక్కడ ఉండటం కష్టమండీ."

"పోతాను. నా బదులు ఆమెకు కాలేజీలో పని ఇవ్వండి. ఒంటికన్నుతో కూలికెవరు పిలుస్తారు?"

పెదనాన్న నన్ను చూశారు. ఆయన నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఇది అన్యాయం పెదనాన్నా అనడానికి నాకున్నంత చనువు ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదు. కాఫీ చల్లారిపోతోంది పెదనాన్నా అన్నాను.

ఆ తర్వాత బావగారి పోస్టూ క్లాసులూ నన్ను తీసుకోమన్నారు. వద్దని ఏడిస్తే బావగారే కూర్చోబెట్టి చెప్పారు, నువ్వు కాకపోతే ఏమీ తెలియనివాడెవడో వస్తాడు, మళ్ళీ ఎవరి కన్నో పోతుంది, నా మాట విని ఒప్పుకో అని. వెళ్ళేముందు బావిలో ముందు పొడి ఇసక పోయించి, పైన సున్నం కప్పించి, మట్టితో పూడ్పించి నాపరాళ్ళు పరిపించారు. గదిలో మిగిలిన సోడియం ముక్కల్ని స్పిరిట్లో చిన్న చిన్నగా వేసి ఎలా చంపాలో, అంటే మండకుండా కరిగించాలో, యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి తప్ప నీళ్ళను యాసిడ్‌లో పోయకూడదనీ చెప్పి, నాకు తెలిసినవే అయినా నా చేత మళ్ళీ చేయించి చూసుకున్నారు. పూడ్చడం కూడా సరైన పని కాదని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాకు అంతకంటే దారి తెలియదు.

వాళ్ళు మైలవరం వెళ్ళిపోయారు, ఆయన అక్కడ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరారు. మొదటిసారి నేను చూడటానికి వెళితే ఆయన ఎంత సంబరపడ్డారో, సున్నం గుంట మార్పిస్తున్నావా, పిల్లలు జాగ్రత్తగా ఉంటున్నారా అని అడుగుతూనే ఉన్నారు. బస్సెక్కించడానికి వచ్చిన అక్క మాత్రం, బస్సు కనిపించాక నా చెయ్యి పట్టుకుని అంది. "నీ తప్పేం లేదే. అయినా నిన్ను చూస్తే నాకు ఆ కాలేజీయే కనపడుతోంది. కొన్నాళ్ళు రామాకు." నేను చాలా ఏళ్ళు వెళ్ళలేదు. తర్వాత తర్వాత రాకపోకలు కలిశాయి, పెళ్ళిళ్ళకు పేరంటాలకు ఒకరింటికొకరం వెళ్ళాం, కానీ పూర్వం ఒకే దుప్పటి కప్పుకుని కబుర్లు చెప్పుకున్న అక్కచెల్లెళ్ళం మళ్ళీ కాలేకపోయాం.

కన్ను పోయిన ఆమె మాత్రం నాతోనే, నా ల్యాబ్‌లోనే పనిచేసింది. బల్లలు తుడిచేది, తల కాస్త ఎడమకు తిప్పి మిగిలిన కంటితో సీసాల చుట్టూ జాగ్రత్తగా చూసుకునేది. పండగకో పబ్బానికో నేను మైలవరం కబురు ఏదైనా తెస్తానేమోనని అడిగేది. "అయ్యగారు ఎట్టా ఉన్నారమ్మా?" బాగున్నారనేదాన్ని. ఒకసారి, బావగారు పోయిన కబురు చెప్పినప్పుడు, చీపురు పక్కన పెట్టి కింద చతికిలబడింది. "నా కొంప నిలబెట్టాడమ్మా మారాజు. ఆయన కొలువు నాకిచ్చి పోయాడు" అని కొంగు కళ్ళకద్దుకుంది. నేను నల్లబోర్డు వైపు తిరిగి, చెరిపేసిన బోర్డునే మళ్ళీ చెరిపాను. ఆయన కొలువు ఎవరికిచ్చి పోయారో ఆమెకు తెలియక కాదేమో, నా ముందు అనలేక అలా అన్నదేమో అని ఈనాటికీ అనిపిస్తుంది.

మనవరాలు విసుక్కునే ఆ రూల్సు చూస్తే నాకు ఒకలాంటి అసూయ. ఇప్పటి పిల్లలకు జాగ్రత్త అనేది గోడమీద రాసి ఉంది, ఇష్టం లేకపోయినా పాటిస్తారు, పాటించినందుకు ఎవరూ వాళ్ళను ఊరు దాటించరు. మా రోజుల్లో గోడలు ఖాళీగా ఉండేవి. ఎవరో ఒక మనిషి నోరు తెరిచి చెప్పాల్సి వచ్చేది. చెప్పినాయన పెట్టేబేడా సర్దుకుని వెళ్ళిపోయాడు. చెప్పనిదాన్ని నేను అక్కడే ఉండి, మంచి టీచరనిపించుకుని, దండ వేయించుకుని రిటైరయ్యాను.