మ్యాట్నీ వదిలాక మాచర్ల గేటు దగ్గర

ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం వేసవిలో మా ఆఫీసు నన్ను వారం రోజులకు మాచర్ల వేసింది. నేను సినిమా పంపిణీ సంస్థలో రిప్రజెంటేటివ్‌ను. సినిమా ఆడే ఊరికి వెళ్లి, తెగిన టిక్కెట్లను హాల్లో కూర్చున్నవాళ్లతో సరిచూడటం, ఆట వదిలాక గేటు దగ్గర నిలబడి జనం ఏమంటున్నారో విని ఆఫీసుకు చెప్పడం నా పని. ఈ రెండో పనిని మేము టాక్ పట్టడం అంటాం. సినిమాను రెండో వారం ఉంచాలా, ఎత్తేయాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఆసారి వేసింది కొత్త సినిమా కాదు. ఎప్పుడో వచ్చిన విదేశీ ఫైటింగ్ సినిమా రెండో భాగం. పాత రీళ్లలోని బొమ్మను శుభ్రం చేసి, తెలుగు మాటలతో మళ్లీ విడుదల చేశారు. లోకం నాశనమయ్యాక మిగిలిన మనుషులు పెట్రోలు కోసం చంపుకునే కథ. ఎడారిలో ఓ కోట, అందులో కొన్ని కుటుంబాలు, బయట బండ్ల మీద తిరిగే దోపిడీ దండు. చివరికి కోటలోవాళ్లు అన్నీ వదిలేసి పారిపోతారు. ఈ రోజుల్లో టాక్ నోటితో చెబితే చాలదు. మాట్లాడేవాళ్లను ఫోన్లో వీడియో తీసి పంపాలి.

శనివారం మ్యాట్నీ వదిలారు. థియేటర్ మేనేజరు సుబ్బయ్య గారు నా పక్కనే ఉన్నారు. ముందుగా దొరికింది తెల్లచొక్కా పెద్దాయన. పేరు కోటయ్య అనీ, దగ్గర్లోని ఓ ఊరి రైతనీ సుబ్బయ్య గారు చెప్పారు.

"ఆ దండు నాయకుడే బాగున్నాడయ్యా. కోట ఒదిలి పొమ్మన్నాడంటే పొమ్మన్నట్టే. హీరో ఏంది, సగం సినిమా నోరే తెరవడు," అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మిగతావాళ్లేమంటారో విందామని ఆయన పక్కకు జరిగి అక్కడే నిలబడ్డాడు.

తర్వాత ముందుకొచ్చినవాడు రాళ్ల లోడుకు వచ్చిన లారీ డ్రైవరు, యాభైకి దగ్గర. ఖాకీ చొక్కా మీద నాపరాయి దుమ్ము. పేరు వెంకటేశ్వర్లు అనీ, ఉండేది రాజుపాలెం అనీ చెప్పాడు.

"చానా బాగుంది సార్. కోట ఒదిలిపెట్టి పొయ్యే సీను కరెక్టుగా తీశాడు. అందులో ముసలామె తలుపుకు తాళమేస్తది గదా. కాలిపొయ్యే ఇంటికి తాళమేందని హాలంతా నవ్వింది. మా అమ్మ గూడా ఏసింది సార్. ఎలక్షన్లయినాక మమ్మల్ని ఊళ్లోంచి ఎళ్లగొట్టిన రోజు. నేనప్పుడు చిన్నోణ్ని."

తర్వాతి ప్రశ్న నాది కాదు. అడిగింది కోటయ్య.

"ఏ ఊరు మీది?"

డ్రైవరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను.

"ఎవరబ్బాయివి?"

తండ్రి పేరు చెప్పాడు. పెద్దాయన ముఖం పాలిపోయింది.

"ఆ రోజు నేనున్నా," అన్నాడు.

"మా వైపా?"

"కాదు, అవతల గుంపులో. మీ గడ్డివాము అంటించింది నేనే."

ఉద్యోగమంతా జనం మాటలు వింటూ గడిపిన నాకు, గేటు దగ్గర అలాంటి మాట వినబడటం అదే మొదలు. ఫోను దించాలని కూడా తోచలేదు, అది తీస్తూనే ఉంది. ఈ ప్రాంతంలో అలాంటి మాట తర్వాత ఏమవుతుందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఫస్ట్ షోకు వచ్చేవాళ్లను బయటే ఆపమని సుబ్బయ్య గారు వాచ్‌మన్‌కు సైగ చేశారు. జనం వెనక్కి జరిగారు.

వెంకటేశ్వర్లు చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మా అమ్మ తాళమేస్తంటే చూశావా?"

"చూశా."

"నవ్వావా?"

కోటయ్య నేలచూపులు చూశాడు. "నవ్వా," అన్నాడు. "ఇందాక హాల్లో గూడా నవ్వా."

డ్రైవరు నా వైపు తిరిగి, "ఫోనాపండి సార్," అన్నాడు. ఆపాను. అతను జనంలోంచి బయటపడి లారీ ఎక్కి వెళ్లిపోయాడు. పెద్దాయన టిక్కెట్ల కిటికీ కింద అరుగు మీద కూలబడ్డాడు. ఫస్ట్ షో బెల్లు మోగినా లేవలేదు.

వీడియో ఏదని ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. పంపితే ప్రచారం కోసం నెట్లో పెడతారు, తెల్లారేలోపు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చేరుతుంది. ఆ గొడవనాటికి పుట్టని కుర్రాళ్లు కూడా దాన్ని చూసి కర్రలు తీస్తారు. చెరిపేశాను. టాక్ బాగుందని, వీడియో మాత్రం లేదని చెప్పాను. ఆఫీసులో మాట పడ్డాను.

తర్వాతి సంగతి సుబ్బయ్య గారి ద్వారా తెలిసింది. కోటయ్య రాళ్ల లోడింగ్ జరిగే చోట అడ్రసు కనుక్కుని రాజుపాలెం వెళ్లాడట. వెంకటేశ్వర్లు గుమ్మంలోకి వచ్చి మంచినీళ్లిచ్చాడట. కూర్చోమని మాత్రం అనలేదట. నీళ్లు తాగి, చెంబు గట్టు మీద పెట్టి వచ్చేశానని కోటయ్యే చెప్పాడట.

హాలంతా నవ్విందంటే సీను పండిందని రిపోర్టు చెయ్యడం మా వృత్తిలో అలవాటు. 'హాలంతా' అన్న మాటను నేను ఆ తర్వాత వాడలేదు. జనాన్ని గుంపుగా నిలబెట్టి అడగడం మానేశాను. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఫోను జేబులో పెట్టుకుని అడిగేవాణ్ని. పని ఆలస్యమయ్యేది. ఆఫీసుకు కావలసింది మాత్రం ఎప్పటిలాగే ఒక్క ముక్క: బాగుందా, బాగాలేదా.