పేరు లేని పసుపు గోళీ

పచ్చిపులుసు అన్నం మొదటి ముద్దకే నోరు భగ్గుమంది. కారం ఎక్కువేశావని మా ఆయన యాదగిరి మీద అరిచాను. వండింది నేనేనని తర్వాత గుర్తొచ్చింది.

మాది సాతంరాయి. ఎయిర్‌పోర్టు దగ్గర భోజనాలు ప్యాక్ చేసే కిచెన్‌లో లేబుళ్లు అంటిస్తాను. పేరు, తేదీ లేని పొట్లం గేటు దాటదు. అంతకు నెల ముందే నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. "మెథోట్రెక్సేట్ ఆదివారం ఒక్కటే. ఇది కీమోకి వాడే మందమ్మా, మీకు తక్కువ డోసులో ఇస్తున్నాను. మిగతా రోజులు ఫోలిక్ యాసిడ్" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

రెండోసారి గోళీలు యాదగిరి తెచ్చాడు. మందుల షాపులో స్ట్రిప్‌ల నుంచి కత్తిరించి ఇచ్చిన రెండు ముక్కలు. రెండూ చిన్న పసుపు గోళీలే, దేనిమీదా పేరు లేదు. "గిది రోజుది, గిది ఐతారంది" అని చేతిలో పెట్టాడు. పేరేదని నేనూ చూడలేదు.

నోరు పూసింది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగాను. ఉమ్మి మింగలేకపోయినా గోళీ మానలేదు, అదీ నా తెలివి! ఆ గోళీలు మొదలెట్టిన ఏడో రోజు పొద్దున జ్వరం, కాళ్ల మీద ఎర్ర మచ్చలు.

ఆస్పత్రిలో రక్తపరీక్ష, సీబీసీ చూసి డాక్టరు గొంతు మారింది. "తెల్ల కణాలు, ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. ఏం మందులు వాడుతున్నారు?" కీళ్లకు మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ అని చెప్పి, నేను రోజూ వేసుకుంటున్న ముక్క చూపించాను. ఒక్క గోళీ మిగిలింది. రెండూ తారుమారయ్యాయేమోనన్న అనుమానంతోనే విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టి, యాదగిరిని షాపుకు పరుగెత్తించారు. అక్కడ మిగిలిన స్ట్రిప్ తెచ్చి నా ముక్కకు ఆనిస్తే అంచులు అతికాయి. దానిమీద మెథోట్రెక్సేట్ అని ఉంది.

"వారం మందు రోజూ మింగారమ్మా. ఇంకో రెండు రోజులైతే మా చేతుల్లో ఉండేది కాదు."

ఆస్పత్రిలో మూడో రోజు జ్వరం మళ్లీ ఎగబాకింది. యాంటీబయాటిక్ మార్చారు. చచ్చిపోతానని భయపడ్డాను. ఇన్ఫెక్షన్ సోకకుండా నన్ను విడిగా ఉంచిన గది అద్దం తలుపు అవతల నుంచి యాదగిరి ఫోన్ చేశాడు.

"నా చేతులతోటే ఇచ్చిన గదనే. నీకేమన్నయితే నేనెట్ల బతకాలె?"

"ఏడ్వకు. బయటికొచ్చినంక మంచిగ తిడత, జర ఆగు."

పదకొండో రోజు ఇంటికి పంపారు. కీళ్లకు ఇప్పుడు వేరే మందు వాడుతున్నాను, కిచెన్‌కు మళ్లీ వెళ్తున్నాను. రోజంతా పొట్లాలకు పేర్లంటించే నేను, నా నోట్లో వేసుకునేదాని పేరు చదవలేదు. ఆ సిగ్గు పోలేదు.

మీకు చెప్పేది ఒక్కటే: స్ట్రిప్ కోయించకండి. మందు పేరు గోళీలతోపాటే మీ ఇంటికి రావాలి, దానిమీద వేసుకునే రోజు పెన్నుతో రాయించుకోండి. మొన్న షాపులో నా మందు కోసం షాపతను కత్తెర తీయగానే యాదగిరి స్ట్రిప్ మీద చెయ్యి పెట్టేశాడట.

"అన్నా, కొయ్యకు. మొత్తం ఇయ్యి. మా ఆమె ఇంట్లనే ఉన్నది, ముక్క తీస్కపోతే తిడతది."